చట్టి గీకినోళ్ళదే మాడు

"గిన్నె ఆడ పెట్టు. ఈడ వండింది ఈడనే తినల్ల. గడప దాటి మెతుకు పోదు."

"పోదంటే ఎట్లక్కా? నీ ఇంట్లోంచి తెచ్చి పెడతాండావా? సర్కారోళ్ళు ఇచ్చిందే గదా."

"సర్కారోళ్ళు పట్టీలో పేరుండే పిల్లోళ్ళకు ఇచ్చినారు. నీ చంకలో ఉండే వానికి పేరుండాదా పట్టీలో?"

"వానికి ఆకలుండాది. పేరెందుకు?"

"ఆకలుండేటోళ్ళందరికీ పెట్టాలంటే ఈడ్నించి గోరంట్ల సంత దాకా పంక్తి ఎయ్యల్ల. నాతో కాదు."

"నీతో కాదని నాకూ తెల్సులే. నీ పిడికిలి యిప్పిన పొద్దు వానొస్తాదంట, ఊర్లో అనుకుంటాండారు. అందుకే గదా మన ఊర్లో వాన లేనిది!"

వరండాలో పంక్తిన కూర్చున్న పిల్లోళ్ళు కిసుక్కుమన్నారు. నేను తెడ్డు పైకెత్తి చూపిస్తే మళ్ళీ తలకాయలు గిన్నెల్లోకి వంచినారు.

నాతో కొట్లాడినామె ఊరి బయట పేటలో ఉండే కూలి మనిషి. మొగుడు బావులు తవ్వే పనికి బెంగుళూరు పక్క పోయినాడు. ఆమె పెద్దబిడ్డ మా బడిలో మూడో తరగతి. చంకలో ఉండేది చిన్నోడు, అప్పుడప్పుడే నాలుగు పండ్లు వచ్చినోడు. ఆ పిల్ల తన ముద్దలో సగం తిని, సగం గిన్నెలోనే పెట్టి, పావడ చాటున దాచుకోని మెల్లగా గోడ వెంట పోతాంటే నేను పట్టుకున్నాను. గిన్నె పెరికి కింద పెట్టినాను. ఆ పొద్దు కూలి దొరక్క తల్లి ఇంటికి వచ్చేసినట్టుండాది, బిడ్డను పిలుచుకోని పోదామని బడి కాడికి వచ్చింది. సరిగ్గా అదే చూసింది.

"సరేక్కా. రేపట్నుంచి నా పిల్ల రాదు. ఇంట్లో తమ్మున్ని ఎత్తుకోని ఉంటాది. మిగిలిన ఆ ముద్ద నువ్వే తిను."

"తింటా పో. పారేస్తాననుకున్నావా?"

బిడ్డ రెక్క పట్టుకోని విసవిసా పోయింది. పిల్ల పలక స్తంభం కాడ్నే ఉండిపోయింది.

ఇది అరవైల మొదట్లో మాట. గోరంట్ల నుంచి కదిరికి పోయే దోవలో రోడ్డు దిగి గుట్ట వారగా నడిస్తే మా ఊరు వస్తుంది. బడి అంటే ఒక పొడుగు గది, ముందర బండలు పరచిన వరండా. అయ్యవారు ఒక్కరే, కృష్ణా పక్క నుంచి వచ్చినాయన. ఆయన "వచ్చారా, తిన్నారా" అంటే మా పిల్లోళ్ళు నవ్వేటోళ్ళు. పిల్లోళ్ళు "యాడికి పోతాండావు సార్" అంటే ఆయన నవ్వేటోరు. అట్ల ఇద్దరికీ పొద్దు పోయేది.

అంతకు ముందు ఆ బడికి ఒకటే రోగం. పొద్దున నిండుగా ఉంటుంది. మధ్యాహ్నం గంట కొట్టినాక ఖాళీ. సంగటి తిని వస్తామని పిల్లోళ్ళు ఇండ్లకు పోతారు. ఇంట్లో సంగటి ఉంటే తిని నిద్రపోతారు. లేకుంటే రేగిపండ్లకు గుట్టెక్కుతారు. ఎట్లయినా బడికి మాత్రం రారు. మధ్యాహ్నం పూట అయ్యవారు గోడలకు ఎక్కాలు చెప్పుకునేటోరు.

సర్కారు నుంచి పసుప్పచ్చ మొక్కజొన్న రవ్వ మూటలు, పాలపొడి, నూనె డబ్బాలు ఎద్దులబండి మీద వచ్చినప్పుడు, వండేది ఎవరని ఊర్లో పెద్దోళ్ళు కూర్చున్నారు. నేను మొగుడు పోయిన మనిషిని. అత్తా నేనూ, కొంచెం మెట్ట భూమి. ఊరి ప్రెసిడెంటు నా పేరు చెప్పినాడు. "ఆయమ్మకిస్తే ఎలక గూడా ఒక గింజ తినలేదు" అన్నాడు. పొగిడినాడో తిట్టినాడో ఇప్పటికీ నాకు తేలలేదు. పని మాత్రం నాకు వచ్చింది.

మొదటి దినమే పరువు పోయింది. మాకు చేతనైంది సంగటి. ఎసరు మరిగినాక రాగిపిండి నడిమధ్యన గుట్టగా పోసి, కొంచేపు అట్లనే ఉడకనిచ్చి, అప్పుడు తెడ్డుతో గెలకల్ల. ఆ అలవాటులో నేను పాలపొడిని గూడా మరిగే నీళ్ళలో గుట్టగా కుమ్మరించినాను. ఇంక చూడాల. పాలు ఒక పక్క, గడ్డలు ఒక పక్క. చిన్నవి గోలీలంత, పెద్దవి నిమ్మకాయలంత. తెడ్డుతో కొడితే తెడ్డు తిరగబడింది. పిల్లోళ్ళు పాలు ముట్టలేదు గానీ ఆ గడ్డల కోసం ఒకరి మీద ఒకరు పడినారు, బెల్లంగడ్డల మాదిరి చప్పరించినారు. మర్సటి దినం అయ్యవారు వాళ్ళ ఇంటామెను అడిగి వచ్చి, ముందర చన్నీళ్ళలో కలిపి తర్వాత పొయ్యి మీద పెట్టమని చెప్పినారు. పాలు చక్కగా వచ్చినాయి. పిల్లోళ్ళు ఏడ్చినారు, గడ్డలు ఏవని.

రవ్వ కత వేరే. జారుగా ఉప్మా చేస్తే మా పిల్లోళ్ళు వేళ్ళతో గీతలు గీసుకుంటా కూర్చున్నారు. మాకు ముద్ద అంటే చేతిలో నిలబడల్ల. నీళ్ళు తగ్గించి, సంగటి మాదిరి గట్టిగా గెలికి, ముద్దలు చేసి, రోట్లో నూరిన శనక్కాయ ఊరిబిండి నంజుకి పెట్టినాను. అయ్యవారు గూడా ఒక ముద్ద తిని ఇంకొకటి అడిగినారు. ఆయన రెండోది అడిగినాక ఇంక ఎవురు ఏమంటారు?

నేను పెట్టుకున్న పద్ధతులు కొన్ని ఉండేవి. ఎవురూ ఒట్టి చేతుల్తో బడికి రాకూడదు. ఒక పుల్లో, ఒక గుప్పెడు శనక్కాయ పొట్టో, గట్ల మీద దొరికే గురుగాకో చెంచలాకో ఏదో ఒకటి తేవల్ల. పొట్టు అయితే నాకు మరీ ఇష్టం. మా పక్క అందరూ శనక్కాయలు పండించేటోళ్ళే, వలిచేటోళ్ళే. పొట్టు పొయ్యి ఎగసి మండదు. దోసిలితో పోస్తాంటే నిప్పు కింద కింద ముసురుకోని, వండే పెద్ద డేగిశాకు అడుగంతా ఒకటే వేడి పెడుతుంది. కట్టెలు మిగులుతాయి.

కూర్చోబెట్టేది పొడుగును బట్టి. పొట్టోళ్ళు ముందర, పొడుగోళ్ళు వెనక. మొదట్లో ఒకరిద్దరు తల్లులు వచ్చి, మా పిల్లోడు పేట పిల్లోళ్ళ పక్కన కూర్చోడు అన్నారు. "మీవాడు రెండు వేళ్ళు పెరిగితే చోటు మారుస్తాను, పోయి పెంచుకోండి" అని చెప్పి పంపించినాను. పెంచేదానికి ఈడ పెట్టేది తినల్ల గదా. తిన్నారు. చోట్లు నేనేం మార్చలేదు.

ఇంక గడప దాటగూడదనేది. అది ఊరికే పెట్టింది కాదు. మొదటి నెలల్లో గిన్నెలు ఇండ్లకు పోతాంటే నేనేమీ అనలేదు. గిన్నె ఇల్లు చేరేలోపల దోవలో ముగ్గురు రుచి చూసేటోళ్ళు. ఇంట్లో నాయన సగం, అవ్వ సగం. పిల్లోడు మళ్ళీ ఖాళీ కడుపే. పోయినోడు మధ్యాహ్నం బడికి రాడు. ఒకామె అయితే బర్రె కుడితిలో కలిపిందంట. పాలు చిక్కగా వచ్చినాయంట. ఆ పాలు నాకే అమ్మేదానికి తెచ్చి, "చూడక్కా ఎంత చిక్కగా ఉండాయో" అని చెంబు వంచి చూపించింది. మర్సటి మధ్యాహ్నమే నేను గడప కాడ తెడ్డు పట్టుకోని నిలబడేది మొదలుపెట్టినాను. ఈడ తిను, ఈడనే గిన్నె కడుగు, లోపలికి పోయి కూర్చో. అట్ల నడిచినంక మధ్యాహ్నం బడి నిండింది. మూటలు తనిఖీ చేసేదానికి వచ్చిన ఆఫీసరు మధ్యాహ్నం పిల్లోళ్ళను చూసి, బయటోళ్ళకు పోకుండా చూసుకోండి, పోతే మూటలు ఆగిపోతాయి అని గట్టిగా చెప్పి పోయినాడు. దాంతో నాకు ఇంకా బలం వచ్చింది.

ఆ బలంతోనే ఆ పొద్దు ఆ పిల్ల గిన్నె పెరికినాను.

పిల్లోళ్ళు లోపలికి పోయినాక అయ్యవారు వరండాలోకి వచ్చినారు. "మీరు చెప్పింది తప్పని అనను. కానీ ఆ పిల్ల మానేస్తే మళ్ళీ రాదమ్మా. ఈ వయసులో మానిపించినవాళ్ళు తిరిగి రావడం నేనెక్కడా చూడలేదు."

"నేను మానమన్లేదు. వాళ్ళమ్మ అనింది."

"ఆవిడ ఏం చేస్తుంది? పొద్దున్నే వేరుశనక్కాయ వలవడానికి మండీకి పోవాలి. పిల్లవాణ్ణి ఎవరో ఒకరు చూసుకోవాలి. ఇక్కడ వాడికి తిండి లేదు, ఇంట్లో అయితే అక్క ఇంత గంజి అయినా పోస్తుంది."

నన్నూ రెండో తరగతిలో మా తమ్ముడే మాన్పించినాడు. వాడు పుట్టినాడు, అంతే. ఇంకేం చేయలేదు పాపం. వాన్ని ఎత్తుకోని ఉయ్యాల కాడ నేను ఆగిపోయినాను. గుణింతాలు అయిపోయి ఒత్తులు మొదలుపెట్టిన దినాలు అవి. ఒత్తులు తర్వాత నాకు నేనే నేర్చుకున్నాను, అందుకే ఇప్పటికీ కొన్ని అటూ ఇటూ పడతాయి.

డేగిశా కడిగేదానికి కూర్చున్నాను. ఇనుప గరిటెతో అడుగు గీకితే మాడు చెక్కలు చెక్కలుగా లేచి వస్తాంది. నూనె తగిలిన రవ్వ గదా, పొట్టు నిప్పు మీద ఎర్రగా కాగి, అంచులు కరకరమంటా దోసె మాదిరి వస్తుంది. ఆ మాడు నాది. మా పక్క ఎవురింట్లో అయినా అంతే. చట్టి గీకినోళ్ళదే మాడు. దానికి ఎవురూ వాటా రారు, ఎవురూ అడగరు. చట్టి గీకి తింటే పెండ్లినాడు వాన పడతాదని పెద్దోళ్ళు పిల్లోళ్ళను బెదిరిస్తారు గానీ, మా సీమలో అది బెదిరింపా, దీవెనా? మా అమ్మ నన్నట్ల బెదిరించినప్పుడు మా నాయన, "గీకమ్మా, బాగా గీకు, నీ పెండ్లికైనా చెరువు నిండుతాదేమో" అన్నాడు. బాగానే గీకినాను. నిండలేదు.

రోజూ ఆ మాడు కొంగులో కట్టుకోని ఇంటికి పోతే, మజ్జిగలో నానబెట్టి అత్తా నేనూ రాత్రికి తినేటోళ్ళం. ఇంట్లో పొయ్యి ముట్టించే పని లేకుండా పోయేది.

ఆ పొద్దు గీకుతా గీకుతా నాకు తట్టింది. ముద్దలు పిల్లోళ్ళవి. వాటికి పేర్లుండాయి. మాడుకు పేరు లేదు. అది నా చేతి కష్టం. నాది నేను ఎవురికిస్తే ఎవురికేం?

పొద్దు వాలినాక మాడు కొంగున కట్టుకోని పేట దోవ పట్టినాను. పలక గూడా తీసుకున్నాను. ఇంకొకరి వస్తువు మన కాడ ఉండగూడదు గదా. లేకుంటే ఆమె గడపకు నేను పోవాల్సిన పనేముంది?

ఆమె గుడిసె ముందర కాళ్ళు చాపుకోని కూర్చోనుండాది. పక్కన పొట్టు గంప. వలిచే కూలోళ్ళకు మండీలో పొట్టు ఇస్తారు, పొయ్యిలోకి. పిల్ల తమ్మున్ని ఆడిస్తాండాది. నన్ను చూసి లేచి నిలబడింది. తల్లి లేవలేదు.

"ఏమక్కా, ముద్ద తింటివా?"

"తింటి. బాగుండాది. ఇదో నీ బిడ్డ పలక."

"దానికింక పలకెందుకు? దాని మీద రొట్టె తట్టుకుంటాదా?"

"యాడన్నా పెట్టుకో. నేను చెప్పేది విను. నీ చిన్నోన్ని ఎత్తుకోని పిల్లను బడికి రానీ. వాడు వరండాలో మూల ఆడుకుంటాడు. వానికి ముద్ద పెట్టేదానికి లేదు, అది ఎవురు చెప్పినా లేదు. డేగిశా అడుగున మాడు వస్తాది. అది వానికిస్తా."

ఆమె దిగ్గున లేచింది.

"మాడా? నా కొడుక్కు మాడు పెడతావా? కుక్కకు ఏసేది నా కొడుక్కా? పేటోళ్ళకు అదే చాలని అనుకున్నావా?"

పక్క గుడిసెల్లోంచి తలకాయలు బయటికి వచ్చినాయి. మంచి చేయబోయి మళ్ళీ కొట్లాటే. నాకు వచ్చిన కోపానికి వెనక్కు తిరిగి వచ్చేయాల్సింది. కానీ అంత దూరం నడిచి వచ్చింది ఊరికే పోనిచ్చేదానికి మనసు రాలేదు.

"కుక్కకు ఏసేదా? నేను తినేది అది."

"నువ్వా?"

"నేను. మా అత్త. బడిలో పొయ్యి ఎలిగించిన దినం నుంచి మా ఇంట్లో రాత్రికి అదే."

కొంగు విప్పి ఒక చెక్క తీసుకోని ఆమె ముందరే నమిలినాను. కరకర సద్దు పక్క గుడిసెకు గూడా వినపడి ఉంటాది. ఆమె నా నోటి పక్కే చూస్తాంది. అంతలో చిన్నోడు అక్క చంకలోంచి వంగి, నా కొంగులోకి చెయ్యి పెట్టి, వానికి దొరికిన తునక నోట్లో కుక్కుకున్నాడు. నాలుగు పండ్లతో దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, చప్పరించి, మెత్తబడినాక మింగి, మళ్ళీ చెయ్యి చాపినాడు.

"వీడు చూడు, వీనికి మర్యాద లేదు" అనింది తల్లి.

"ఆకలుండాది. మర్యాదెందుకు?" అన్నాను.

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఇద్దరం గట్టోళ్ళమే.

"ఊరికే ఎవురిదీ తినం మేము" అనింది.

"ఊరికే ఇచ్చేదానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? ఒట్టి చేతుల్తో బడికి రాగూడదని నీ బిడ్డకు తెల్సు."

"చూస్తాలే" అనింది. వస్తాదనీ చెప్పలేదు, రాదనీ చెప్పలేదు. పిల్ల మాత్రం పలక తీసుకోని పావడతో తుడుస్తాండాది. కొంగులో ఉండే మాడంతా అక్కడే అరుగు మీద పెట్టి వచ్చేసినాను.

ఇంటికి పోయి అత్తతో చెప్పినాను. "అత్తా, రేపట్నుంచి మాడు రాదు. రాత్రికి ఇంత సంగటి గెలుకుతాను."

"పీడ పోయింది" అనింది మా అత్త. "పండ్లు లేని నోటికి అది ఎట్లుంటాదో నీకేం తెల్సు? మజ్జిగలో నానినా రాయే. కోడలు గట్టిది, ఏమన్నా అంటే తెడ్డు చూపిస్తాదని ఇన్నాళ్ళూ మింగినా."

మర్సటి దినం పొద్దున నేను పొయ్యి కాడికి పోయేసరికి అయ్యవారు వరండాలో నిలబడి రోడ్డు పక్క చూస్తాండారు. మండీకి పోయే ఆడోళ్ళ గుంపు బడి ముందర నుంచి పోతాంది. దాంట్లోంచి ఆమె పక్కకు వచ్చింది. నెత్తిన పొట్టు గంప. వెనక పిల్ల, చంకలో తమ్ముడు, చేతిలో పలక.

గంప నా పొయ్యి పక్కన దించింది. నా మొగం చూడలేదు. అయ్యవారితో, "సామీ, ఈ పొట్టు ఎవురికి కావల్నో వాళ్ళకు చెప్పండి" అనింది.

"చెప్తానమ్మా" అన్నారు ఆయన, నేను మూరెడు దూరంలో ఉండంగానే.

ఆమె గుంపు వెంట పరిగెత్తింది. పిల్ల చిన్నోన్ని స్తంభం కాడ కూర్చోబెట్టి లోపలికి పోయింది. అయ్యవారు హాజరు పిలిచినారు. "ఉండాను సార్" అని పలికింది.

నేను డేగిశా పొయ్యి మీదికి ఎక్కించి, ఎసరు మరిగినాక రవ్వ పోసినాను. ముద్ద దగ్గర పడినాక రోజూ నిప్పు పక్కకు లాగేదాన్ని. ఆ పొద్దు లాగలేదు, అడుగు బాగా పట్టనీ అని. ఆమె గంపలోంచి ఇంకో రెండు దోసిళ్ళ పొట్టు పోసినాను.